దుప్పట్ల తెలుపు

పిలిచేదాకా కూర్చోమన్నారు కాబట్టి కూర్చుంది. కుడికంటి మీద దూది, దూది మీద చిల్లులున్న ప్లాస్టిక్ మూత, దాని మీద అడ్డదిడ్డంగా అంటించిన పట్టీలు, ఇన్నిటి వెనకాల నిన్న పెట్టిన కొత్త కటకం. ఎడమకన్ను మాత్రం పాతదే. ఆ పాతకంటితో చూస్తే ఎదురుగోడ మీగడ రంగులో కనిపిస్తోంది. ఆస్పత్రి గోడకి మీగడ రంగు వేస్తారా, వేస్తే వేస్తారు, ఎందుకు వెయ్యకూడదు, తెల్లరంగైతే మాసిపోతుందని వేసి ఉంటారు, లేకపోతే గోడ తెల్లగానే ఉందేమో, తెల్లటి గోడే తనకి మీగడలా కనిపిస్తోందేమో. పక్కనే ఆడపడుచు కూర్చుని ఉంది. గోడ ఏ రంగే అని అడిగితే టక్కున చెప్పేస్తుంది. ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచీ ఏదో ఒకటి చూపించి ఇది ఏ రంగని అడుగుదామనే అనుకుంటోంది, నోరు తెరుస్తోంది, తెరిచి "మంచినీళ్ల సీసా తెచ్చావా" అంటోంది. ఈసారి ఆడపడుచు జవాబు కూడా చెప్పకుండా సీసా తీసి ఆమె ఒళ్లో పెట్టేసింది.

వరసలో కూర్చున్నవాళ్లందరికీ ఒకటే బెంగ, కన్ను కనిపించదేమోనని. ఆమె బెంగ చెబితే వీళ్లంతా నవ్విపోతారు. పట్టీ తీశాక శుభ్రంగా కనిపిస్తే తన గతేమిటని ఆమె బెంగ. కిందటి వారం ఆ డాక్టరు, తన దగ్గర చదువుకుని వెళ్లిన పిల్లల ఈడువాడు, కంట్లోకి లైటు వేసి చూసి, "ఇది నిన్నమొన్న వచ్చిన శుక్లం కాదు మేడమ్, చిక్కటి టీ రంగుకి వచ్చేసింది, కొన్నేళ్లుగా మీరు లోకాన్ని పసుపు అద్దంలోంచి చూస్తున్నట్టే లెక్క, ముఖ్యంగా నీలం సరిగ్గా కనిపించి ఉండదు" అన్నాడు. అని, మాటల్లో మాటగా "ఏం చేస్తుంటారు" అని అడిగాడు. యూనివర్సిటీలో చిత్రకళ శాఖకి హెడ్‌ని, పిల్లలకి రంగులు చెబుతాను అంది. అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఆగకుండా నవ్వేసి ఉంటే బాగుండేది, ఇద్దరూ నవ్వుకుని ఉండేవాళ్లు, అక్కడితో పోయేది. అతను తల వంచుకుని కంప్యూటరులో ఏదో కొట్టుకోవడంతో ఆ మాట ఆమె చెవిలో చీమలా దూరిపోయింది, అప్పటి నుంచి తిరుగుతూనే ఉంది.

తెలియదా మరి, అన్నేళ్లు కుంచె పట్టినదానివి, కంట్లోకి పసుపు దిగుతుంటే తెలియదా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి. తెలియదు. ఒక్కరోజులో వస్తే తెలుస్తుంది కానీ, రోజూ కాస్త కాస్త వస్తే ఎవరికి తెలుస్తుంది. పైగా ఆ గుడ్డ ఒకటుంది. మొదటి ఏడాది పిల్లలకి మొదటి పాఠం ఆ గుడ్డే, స్టూలు మీద ఒక తెల్లగుడ్డ కప్పి, ట్యూబులోని తెలుపు ఉన్నదున్నట్టు వాడకుండా దాన్ని వెయ్యమంటారు. తన మాస్టారు తనకి అలాగే చెప్పాడు, తనూ అలాగే చెబుతోంది. ఆ గుడ్డ తనే కొన్నది, తనే ఉతికించేది, అది తెలుపని ఆమెకి తెలుసు. తెలిసినదాన్ని కన్ను కాదంటే కన్ను మాట ఎవరు వింటారు. బుర్రలో ఉన్న ఆ తెలుపు పిల్లల కాన్వాసు మీద కనిపించేది కాదు, మురిగ్గా, పచ్చగా కనిపించేది, అందుకని "నీలం కలుపమ్మా, ఇంకాస్త, ఇంకాస్త" అనేది. పిల్లలు చాటున తనని ఇంకాస్త మేడమ్ అంటారని తెలుసు. మెట్ల కింద ఒకడు తన గొంతుతో "ఇంకాస్త, ఇంకాస్త" అని క్యాంటీనువాడి చేత టీలో చక్కెర వేయించుకుంటుంటే స్వయంగా వింది కూడా. ముచ్చటపడింది. పేరు పడిందంటే పాఠం తలకెక్కిందనే కదా అనుకుంది.

తలకెక్కింది, బాగా ఎక్కింది. పిల్లలు నీలం కలిపారు. తెల్లటి దాంట్లో కలిపారు, ఒంటిరంగులో కలిపారు, ఎండలో కూడా కలిపారు. అప్పుడే కదా బహుమతులు రావడం మొదలైంది. పెద్ద పోటీలో ఒకడికి, మరుసటేడు ఇద్దరమ్మాయిలకి, ఆ తర్వాత శాఖ మొత్తానికి ఒక పతకం. పత్రికలో బొమ్మల గురించి రాసే పెద్దాయన ఒకాయన వచ్చి, చూసి, ఈ శాఖ పిల్లల వెలుతురులో ఒక చల్లని విషాదం ఉంది, ఈ నీలం వీళ్ల సొంతం అని రాశాడు. వైస్ ఛాన్సలరు ఆ ముక్క ప్రతి మీటింగులోనూ చదివాడు, ఆఖరికి ఉత్సాహం పట్టలేక యూనివర్సిటీ గేటుకి ఆ నీలమే వేయించాడు. గేటు చూసి ఆమె లోపల్లోపల, ఇదెక్కడి నీలం, తెల్లగా ఉందే అనుకుంది. అనుకుని, గేటుకి పెయింటు వేసేవాళ్లకి ఏం తెలుస్తుందిలే అని లోపలికి వెళ్లిపోయింది. అప్పుడైనా ఆగి ఉండాల్సింది. గేటు దగ్గర ఆగి, కాపలావాణ్ణి, బాబూ ఇది ఏ రంగు అని అడగాల్సింది. హెడ్డు మేడమ్ కాపలావాణ్ణి రంగు అడుగుతుందా, పరువేం కాను.

ఇంట్లో హాలుకి తెలుపు వేయిస్తే ఆడపడుచు వాకిట్లోనే నిలబడిపోయి "ఇదేంటి వదినా, చేపల తొట్టిలోకి వచ్చినట్టుంది" అంది. భర్త పోయాక ఇద్దరాడవాళ్లూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు, ఆడపడుచు బ్యాంకులో పని చేసి రిటైరైన మనిషి, రంగుల గురించి ఏం తెలుసులే అని ఆమె పట్టించుకోలేదు. శిల్పాలు చెప్పే మట్టి మాస్టారు ఒకసారి పిల్లల బొమ్మల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నడిచి నడిచి, "మీ పిల్లల బొమ్మల్లో అందరికీ చలేస్తున్నట్టుంది మేడమ్, ఎవరైనా ఓ దుప్పటి కప్పండి" అన్నాడు. నవ్వింది. ఆయన మాటలన్నీ అలాగే ఉంటాయి. ఇప్పుడు వరసగా అన్నీ గుర్తొస్తున్నాయి, చేపల తొట్టి, చలి, గేటు, ఒక్కొక్కటే వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంటున్నాయి, వాటికి కూడా టోకెన్లు ఇచ్చినట్టు. లోపల్నుంచి నర్సు వచ్చి ఎవరినో పిలిచింది. తనని కాదు. పిలవకపోతే బాగుండు. త్వరగా పిలిచేస్తే బాగుండు.

దుప్పటి అంటే మళ్లీ ఆ బొమ్మే. ఎటు తిరిగినా అక్కడికే వస్తోంది. ఆఖరి ఏడాది పిల్ల, ప్రతిదానికీ ఎదురు చెబుతుందని తోటివాళ్లు పేచీ అని పిలుస్తారు, ఆ పిల్ల కూడా ఆ పేరుకే పలుకుతుంది. హాస్టల్ మేడ మీద తీగలకి ఆరేసిన దుప్పట్లు వేసింది, నిలువెత్తు కాన్వాసు. మనుషులెవరూ లేరు, దుప్పట్లే, సాయంత్రపు ఎండ వాటి వెనక నుంచి వస్తోంది. వేసిన తీరు చూసి ఆమెకి ఒళ్లు గగుర్పొడిచిన మాట నిజం. కానీ ఆ తెలుపు. మురికి. "ఇన్ని దుప్పట్లు ఉతికి ఆరేశావు కదమ్మా, ఒక్కటీ తెల్లబడలేదేం" అంది. క్లాసు నవ్వింది, పేచీ నవ్వలేదు.

"అవి అలాగే ఉన్నాయి మేడమ్."

"నేను చెబుతున్నాగా, నీలం కలుపు."

"మీరు చెబితే దుప్పట్ల రంగు మారదు కదా మేడమ్."

ఆ మాటకి క్లాసంతా తల దించుకుంది. ఆమెకి కోపం వచ్చింది, అంతమంది ముందు మాట పడ్డ కోపం. పిల్ల చేతిలోంచి కుంచె లాక్కుంది. ఎన్నడూ చెయ్యని పని. పిల్లల బొమ్మ మీద తన కుంచె పెట్టకూడదన్నది ఆ శాఖలో అందరూ పాటించే నియమం, ఆ నియమం పెట్టిందీ తనే. తెలుపులో నీలం కలిపి, నడిమి దుప్పటి మీద పైనుంచి కిందికి ఒక్క గీత పెట్టింది, "ఇదీ తెలుపంటే" అంది. కుంచె శాలువాకి తగిలింది కూడా, ఆ కోపంలో చూసుకోలేదు. పేచీ ఆ రోజు నుంచి ఆ గీతని ముట్టుకోలేదు. దాని వెంబడి మిగతా తెలుపంతా మారుస్తుందేమోనని చూస్తే మార్చలేదు, పోనీ గీకేస్తుందేమోనని చూస్తే గీకలేదు. గీత గీతలాగే ఉంది, దుప్పట్లు దుప్పట్లలాగే ఉన్నాయి. మొండితనం అనుకుంది. కిందటి నెల ప్రదర్శనకి బొమ్మలు ఎంపిక చేసేటప్పుడు దాని ముందు క్షణం కూడా నిలబడలేదు, "పూర్తి కాలేదు, తీసెయ్యండి" అంది. తీసుకెళ్లి స్టోర్ రూములో గోడవైపు తిప్పి పెట్టారు. పేచీ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పి ఉంటే ఇంత గుచ్చుకునేది కాదు.

ప్రదర్శన ఇవాళ సాయంత్రమే, పిల్లల బొమ్మలతోపాటు తనదీ ఒకటి ఉంది. బయటి నుంచి పేరున్న చిత్రకారులు వస్తారు, గోడ మీద ఉన్నవి చూస్తారు, ఒకరిని ఎంచుకుని ఏడాదిపాటు ఒక గది, రంగులు, తిండి అన్నీ ఇచ్చి బొమ్మలు వేసుకోమంటారు. గోడ మీద లేనిది వాళ్లకి లేనట్టే. పేచీకి అది రాకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు, ఆ పిల్లే చెప్పింది ఒకసారి, "మా బాబాయి ఫొటో స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోల వెనకాల నీలం నింపుకోవడమే మేడమ్, అప్పుడు మీకు నచ్చుతుందేమో" అని. ఎంత పొగరు అనుకుంది అప్పుడు. ఇప్పుడా మాట గుర్తొస్తే పొగరు కనిపించడం లేదు, భయం కనిపిస్తోంది, ఇరవై ఏళ్లు దాటిన పిల్ల భయాన్ని అలా చెప్పింది, తనకేమో పేచీలా వినిపించింది.

ఒకవేళ తనదే సరైన చూపైతే. అవ్వొచ్చు కదా. డాక్టర్లు చెప్పేవన్నీ నిజమవుతాయా, పసుపు అన్నాడు, ఎంత పసుపో అతనికేం తెలుసు, అతనేమైనా బొమ్మలు వేస్తాడా. అంతమంది న్యాయనిర్ణేతలు బహుమతులిచ్చారు, వాళ్లందరికీ శుక్లాలా. ఆ నీలం బాగుందనే కదా ఇచ్చారు. బాగుంది సరే, బాగుండటానికేం, కానీ ఆ పిల్లలు దాన్ని చూసి వెయ్యలేదు, మార్కుల కోసం, తన కోసం వేశారు. తను చూడనిదాన్ని వాళ్ల చేత వేయించింది. వాళ్ల కళ్లు బాగానే ఉన్నాయి కదా, ఆ గుడ్డ వాళ్లకి తెల్లగానే కనిపించి ఉంటుంది కదా, కనిపిస్తుండగానే కాదనుకుని నీలం కలిపారు. కనపడింది వెయ్యి తల్లీ, నేను చెప్పింది వెయ్యకు అనేవాడు తన మాస్టారు, పాపం ఎప్పుడూ ముక్కు చీదుకుంటూ. ఆయన ముందు తను ఎంత పేచీ పడేదని. కుంచె విసిరికొట్టి వెళ్లిపోయిన రోజు కూడా ఉంది. మర్నాడు వస్తే ఆ కుంచె కడిగి తన బల్ల మీద పెట్టి ఉంది, ఆయన ఆ ఊసే ఎత్తలేదు.

ఏసీ చలికి శాలువా దగ్గరికి లాక్కుంది. ఆడపడుచు వెంటనే చెయ్యి చాపి భుజం మీద మడత సర్దింది. వచ్చేటప్పుడు కారులోనూ ఇలాగే సర్దింది. "ఈ మరక పోలేదు వదినా, సబ్బు పెట్టి రుద్ది రుద్ది నా వేళ్లు అరిగాయి. లోపలికి మడిచాను, కనిపించదులే."

"తెల్లరంగేగా," అంది ఆమె. "తెల్ల శాలువా మీద తెల్లరంగు ఎవరికి కనిపిస్తుంది."

ఆడపడుచు ఏదో అనబోయి, సీసా మూత బిగించి, "అవునులే" అంది. ఆ అవునులేలో ఏదో ఉంది. ఇదే, ఇక్కడే, ఇప్పుడే అడిగేస్తే అయిపోతుంది. ఆ గీత పెట్టిన రంగే ఈ మరక, అదే కుంచె, అదే కలుపు. కాన్వాసు ఎక్కడో స్టోర్ రూములో గోడకి మొహం పెట్టుకుని ఉంది కానీ సాక్ష్యం తన భుజం మీద మడతలో ఉంది. ఆమె శాలువా అంచు గట్టిగా పట్టుకుంది. నాలుక మీద దాకా వచ్చింది ప్రశ్న. "టైమెంతయింది" అని అడిగింది.

అప్పుడు పిలిచారు. లోపల గది చిన్నది, కుర్చీ ఎత్తుగా ఉంది. నర్సు పట్టీలు ఒక్కొక్కటే ఊడదీస్తుంటే కనుబొమ వెంట్రుకలు లాగాయి, మూత వచ్చింది, దూది వచ్చింది. "మెల్లగా తెరవండి మేడమ్" అన్నాడు డాక్టరు. తెరవలేదు. కాసేపు అలాగే ఉండనివ్వమంటే బాగోదు, చిన్నపిల్లా ఏమన్నానా. తెరిచింది. మొదట నీళ్లు, నీళ్లలో వెలుతురు, ఆ వెలుతురు తేరుకుని డాక్టరు కోటైంది. ఎంత తెలుపు. ఇంత తెలుపు లోకంలో ఉందా, ఎప్పుడు చూసింది తను దీన్ని, ఏ వయసులో చూసింది. గోడ కూడా తెల్లగా ఉంది. కిటికీలోంచి ఆకాశం ఒక ముక్క, ఎవరూ ఏమీ కలపకుండానే నీలంగా ఉంది. కళ్ల వెంట నీళ్లు కారిపోతుంటే డాక్టరు మందు వల్ల అనుకుని దూది ఇచ్చాడు. సంతోషమే, ఒక్క క్షణం అచ్చంగా సంతోషమే, అన్నీ మరిచిపోయింది. గోడ మీద అక్షరాలు చదవమంటే చదివింది. ఒక కన్ను మూసి ఒక కన్నుతో చూడమన్నాడు. కొత్తకన్ను మూసి పాతకన్నుతో చూసింది. టీలో ముంచి తీసినట్టు గది పచ్చబడింది, కోటు, గోడ, కిటికీ అన్నీ. అన్నేళ్లు ఇందులోనే ఉంది. ఇందులోంచే మార్కులు వేసింది.

తల వంచడానికి ధైర్యం చాలలేదు. వంచింది. శాలువా మడత తనే విప్పింది. పాతకంటికి అక్కడ ఏమీ లేదు, కాస్త బిగుసుకున్న నేత, అంతే. శాలువా శుభ్రంగా ఉంది, ఏ తప్పూ జరగలేదు, అంతా బాగానే ఉంది, ఇలాగే లేచి ఇంటికి పోవచ్చు. ఆ కన్ను మూసి రెండోది తెరిచింది. వేలంత పొడుగున నీలం. లేత నీలమే కానీ నీలమే, ఏ పసిపిల్లని అడిగినా చెప్పే నీలం. ఇదీ తెలుపంటే అని అంతమంది ముందు తను చూపించిన తెలుపు.

"రెండో కన్ను వచ్చే నెల చేద్దాం" అంటున్నాడు డాక్టరు. నల్లకళ్లద్దాలు ఇచ్చాడు, చుక్కలమందు ఎలా వెయ్యాలో ఆడపడుచుకి చెబుతున్నాడు. ఆమెకి ఏమీ వినబడటం లేదు. బయటికి రాగానే "మట్టి మాస్టారుకి ఫోను కలుపు" అంది. దగ్గరి అంకెలు ఇంకా మసకగానే ఉన్నాయి. ఆడపడుచు కలిపి చేతికిచ్చింది. అటువైపు సుత్తి చప్పుడు, పిల్లల గోల.

"మాస్టారూ, స్టోర్ రూములో దుప్పట్ల బొమ్మ ఉంది. తెచ్చి తగిలించండి."

"ఎక్కడ తగిలించను మేడమ్, గోడంతా నిండిపోయింది."

"నాది తీసెయ్యండి."

సుత్తి చప్పుడు ఆగింది. "అయితే కట్టు విప్పేశారన్నమాట" అన్నాడాయన నెమ్మదిగా.

"మీకు తెలుసా?"

"అనుమానం ఉండేది."

"మరి చెప్పలేదేం."

"చలేస్తోందని చెప్పాను కదా, మీరు నవ్వారు. నాది మట్టి, రంగుల్లో వేలు పెట్టడమెందుకని ఊరుకున్నా. పైగా ప్రైజులొస్తున్నాయి కూడానూ." వెనకాల సుత్తి చప్పుడు మళ్లీ మొదలైంది. తర్వాత ఆయనే అన్నాడు, "ఆ పిల్ల ఇక్కడే ఉంది. అందరి బొమ్మలకీ తాళ్లు కట్టి ఇస్తోంది. మాట్లాడతారా?"

వద్దనాలనిపించింది. ఏం మాట్లాడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి. ఈలోగా ఫోను చేతులు మారింది.

"మేడమ్, కన్ను ఎలా ఉంది?"

"కనిపిస్తోంది." ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుని, "నీ బొమ్మ మీద నా గీత ఉంది కదా. నేను అటు వెళ్లగానే గీకేసి నీ రంగు వేసుకోవచ్చుగా. ఎందుకుంచావు?" అని అడిగింది.

"మీ గీత తీసేస్తే మళ్లీ మీకు చూపించడానికి ఏముంటుంది మేడమ్" అంది పేచీ. మళ్లీ తనే, "కళ్లు చూపించుకోండి అని మీతో ఎలా అనను" అంది.

ఆస్పత్రి వసారాలో జనం అటూ ఇటూ పోతున్నారు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది.

"ఇప్పుడు గీకేయనా మేడమ్? వాళ్లు వచ్చేలోపు సర్దేస్తాను, టైముంది."

"వద్దు. రంగు గీకే కత్తి మాత్రం దగ్గర పెట్టుకో. వాళ్లు వచ్చాక నేనే తీస్తాను."

"అందరి ముందరా?"

"పెట్టింది అందరి ముందరే కదమ్మా."

ఫోను ఇచ్చేసింది. తీశాక ఎవరో ఒకరు అడుగుతారు, ఇదేమిటి మేడమ్ అని, చెప్పాలి. పత్రికాయన అక్కడే ఉంటాడు. ఆ బహుమతులు తెచ్చుకున్న పిల్లల మొహాలు ఎలా చూడాలి, వాళ్లలో ఒకడు ఇప్పుడు ఇంకో కాలేజీలో తన దగ్గర నేర్చుకునే పిల్లలతో ఇంకాస్త, ఇంకాస్త అంటూ ఉంటాడు, వాడికి కూడా చెప్పాలి. వెళ్లేదారిలో గేటు ఉంటుంది, అంత నీలం గేటు, దాని కిందనుంచే పోవాలి. నీళ్ల సీసా ఇమ్మంది, ఈసారి నిజంగానే దాహం వేసి అడిగింది, తాగింది.

ఆడపడుచు సంచిలోంచి ఇంకో శాలువా తీసింది, ఇస్త్రీ మడతలతో ఉన్నది. "ఇది కప్పుకో వదినా. సాయంత్రం అంతమంది వస్తారు, ఆ మరకతో ఏం బాగుంటుంది."

ఆమె శాలువా విప్పలేదు. మడత తీసి ఆడపడుచు ముందు పట్టుకుంది. "ఇది ఏ రంగు?"

"ఏది, మరకా?"

"మరకే."

ఆడపడుచు మరక వంక చూడలేదు. నల్లకళ్లద్దాల్లోంచి తన వదిన కళ్లు కనిపిస్తాయేమోనని చూసింది. "నీలం వదినా" అంది మెల్లగా. "చెబుదామంటే నీకు కష్టంగా ఉంటుందేమోనని."

"హాలు కూడానా?"

"హాలు కూడా."

ఆమె తలూపింది. శాలువాని మరక పైకి వచ్చేలా తిప్పి భుజం మీద వేసుకుని, రోడ్డు దాటించమని ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.